యూసుఫ్ సార్ తొక్కించిన గడపలు

నిన్న మధ్యాహ్నం ప్రాక్టికల్ క్లాసులో ఒక అమ్మాయి గాజు స్లైడు మీది రక్తానికి పట్టించే జీమ్సా రంగు సీసా మూత తీసింది. స్పిరిట్ ఘాటు, దాని వెనకే గ్లిజరిన్ తీపి, రెండూ కలిసి ముక్కుకు తగిలేసరికి రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. కామారెడ్డిలో పారామెడికల్ పిల్లలకు రక్తపరీక్షలు నేర్పబట్టి తొమ్మిదేళ్ళయింది, ఆ వాసన నాకు కొత్తదేం కాదు. కానీ నిన్న ముసురు పట్టి కిటికీలన్నీ మూసి ఉన్నాయి, గది నిండా అదే వాసన. బోర్డు మీద అప్పటికే మలేరియా పురుగు ఎర్ర రక్తకణంలోకి దూరడానికి పనికొచ్చే ప్రొటీన్ల పేర్లు రాసి ఉంచాను. ఆర్‌హెచ్-5, ఏఎంఏ-1, రాన్-2. పిల్లలు తలలు వంచుకుని వాటిని నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు, పరీక్షలో వస్తాయి కనుక. సీసా మూత తీసిన అమ్మాయే తలెత్తి, "మేడం, ఎర్రకణం దాన్ని లోపటికి ఎందుకు రానిస్తది?" అని అడిగింది. పదిహేనేళ్ళ కింద సరిగ్గా ఇదే మాట నేను, నాకు పని నేర్పిన యూసుఫ్ సార్‌ను అడిగాను. నాకు తోచిన జవాబేదో పిల్లకు చెప్పి ఇంటికొచ్చాను. అలసట. నిన్న పుట్టిన అలసట కాదిది.

ఎల్లారెడ్డి దాటి అడవి వైపు పోతే ఒక చిన్న ఆరోగ్య కేంద్రం ఉండేది. ఊరి పేరు చెప్పను, చెప్పబోయే తప్పు నాది గానీ ఆ ఊరిది కాదు. అందులో నాకు కాంట్రాక్టు మీద ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. కామారెడ్డిలో పొద్దున్నే బస్సెక్కి, ఎల్లారెడ్డిలో దిగి, అక్కడ ఆటో నిండేదాకా కూర్చుని, పది గంటలకు చేరేదాన్ని. యూసుఫ్ సార్ అప్పటికే ఇరవై ఏళ్ళుగా అక్కడే మలేరియా స్లైడ్లు చూస్తున్నారు. సన్నగా, పొడుగ్గా, భుజాలు ముందుకు వంగి ఉండేవారు. మైక్రోస్కోపులో రెండు కళ్ళూ తెరిచే చూసేవారు, ఒక కన్ను మూస్తే రెండోది తొందరగా అలసిపోతుందని. స్లైడు మీద వంద చోట్లు చూడనిదే "లేదు" అని రాయకూడదు, అది నియమం. లెక్క తప్పకుండా ఆయన ఒక గిన్నెలో పది చింతగింజలు పెట్టుకునేవారు. పది చోట్లు చూస్తే ఒక గింజ పక్క గిన్నెలోకి. బయట జనం గొడవ చేసినా, డాక్టరు కేకేసినా గింజలన్నీ దాటితే తప్ప కుర్చీలోంచి లేచేవారు కాదు. నేను మొదట్లో విసుక్కునేదాన్ని. పెట్టెలో స్లైడ్లు పేరుకుపోతుంటే ఈయన గింజలాట ఏమిటని నాకు ఒళ్ళు మండేది.

ఆయన చదివింది ఇంటర్ దాకానే. కానీ ఎప్పుడో హైదరాబాదులో శిక్షణకు పోయినప్పుడు ఎవరో ఒక శాస్త్రవేత్త ఈ పురుగు కణంలోకి ఎలా దూరుతుందో బొమ్మలేసి చెప్పాడట. అది ఆయన్ను పట్టుకుని వదల్లేదు. ఒకరోజు భోజనాలయ్యాక పాత క్యాలెండరు కాగితం వెనక గుండ్రంగా గీసి, "ఇగ చూడు బిడ్డా, ఇది మన కణం. ఇది పురుగు. మొదలు ఎట్ల వడితే అట్ల తాకుతది. తాకినంక మెల్లగ మూతి ఇటు దిప్పుకుంటది. అప్పుడు చూడు దాని తెలివి" అన్నారు. పెన్నుతో కణం గోడ మీద చిన్న గీత గీశారు. "మన తలుపుకు గొళ్ళెం లేదు. ఇది తన జేబులకెళ్ళి గొళ్ళెం దీసి మన తలుపుకు దిగ్గొడ్తది. తన కొక్కెం దానికి తగిలిచ్చి లోపటికి గుంజుకుంటది. నిమిషం గూడ పట్టదు." ఆ గొళ్ళేన్నే ఇప్పుడు నేను పిల్లలకు రాన్-2 అని రాసిస్తాను, కొక్కేన్ని ఏఎంఏ-1 అంటాను. అప్పుడు నాకా పేర్లు సరిగా తెలియవు. "మరి కణం ఎందుకు రానిస్తది సార్?" అని అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశారు. "రానిచ్చుడేంది? దొంగ వడ్డ ఇంట్ల ఆడామెను పట్టుకొని, నువ్వు ఎందుకు రానిచ్చినవ్ అని అడుగుతరా ఎవలన్న?" అడుగుతారని నాకు తెలుసు. మా వాడకట్టులో అడిగిన సంగతే చెప్పాను. "అడిగితే అడిగినోల్లది తప్పు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆయన పద్ధతి మరొకటి ఉండేది. అది ఏ ప్రభుత్వ కాగితంలోనూ రాసి లేదు. స్లైడు ఎవరు తప్పు చూస్తే వాళ్ళే ఆ రోగి ఇంటికి పోయి, గడప ముందు నిలబడి, తప్పు చూశామని నోటితో చెప్పాలి. మందు ఇచ్చి రావడం చాలదు. నేను చేరిన రెండో నెలలో ఆయనే ఒకటి తప్పు చూశారు. మామూలు రకం పురుగును ప్రమాదకరమైన రకంగా రాసేశారు. మామూలు రకం లేత కణాల్లోకి మాత్రమే దూరుతుంది, ఈ రెండోది లేతా ముదురూ చూడదు, అందుకే ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రైతు ఇంట్లో రెండు రోజులు ఏడుపులు. సార్ నన్ను వెంటబెట్టుకుని పోయి, వాకిట్లో చెప్పులు విడిచి, "పటేలా, నేను తప్పు చూసిన. నీకు గంత పెద్ద జరం లేదు" అన్నారు. రైతు కొడుకు ఎంత మాట పడితే అంత మాట అన్నాడు. సార్ తల వంచుకుని అన్నీ విన్నారు. తిరిగొస్తుంటే నాకే సిగ్గేసి, "ఫోన్ల చెప్తే అయిపోతుండె గదా సార్" అన్నాను. "ఫోన్ల చెప్తే వాల్లు మల్ల నన్నేం అడుగుతరు బిడ్డా? మొఖం ముంగటుంటే అడుగుతరు" అన్నారు.

ఇక నా సంగతి. ఆ ఏడు వానలు ఆగాక జ్వరాలు విరుచుకుపడ్డాయి. అప్పటికి మా దగ్గరికి నిమిషాల్లో తేల్చే కార్డు పరీక్షలు సరిగా రావడం లేదు, అన్నీ స్లైడ్లే. సార్ మేనకోడలి పెళ్ళికని మూడు రోజులు సెలవు పెట్టారు. సోమవారం రంగు కలపబోతే, నీళ్ళలో వేసే బఫర్ బిళ్ళలు అయిపోయాయి. ఆ బిళ్ళ వేస్తేనే నీళ్ళు రంగుకు సరిపడతాయి, లేకపోతే పురుగు రంగు పట్టదు. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను, అదే బాధ. బోరు నీళ్ళయితే ఉప్పు, ఫిల్టరు నీళ్ళయితే స్వచ్ఛమైనవి గదా, ఏమవుతుందిలే అనుకున్నాను. మూలనున్న ప్లాంటు నీళ్ళ క్యాను వంచి రంగు కలిపేశాను. సార్ ఉంటే కొత్త నీళ్ళతో ముందు పురుగున్న పాత స్లైడుకు రంగేసి, అది సరిగా కనిపిస్తేనే మిగతావి ముట్టేవారు. నేను ఆ పని చేయలేదు. ఆ రోజు ఆరు స్లైడ్లు. ఒక్కో దాని మీద వంద చోట్లు నిజంగానే చూశాను, గింజలు కూడా దాటించాను. ఆరింటికీ "లేదు" అని రాసి సంతకం పెట్టాను. అందులో ఒకటి గంగామణిది. ఏడో నెల కడుపుతో అత్త వెంట వచ్చిన పిల్ల. "ఏం లేదమ్మా, మామూలు జరమే, గోలీలు వేసుకో" అని చెప్పి పంపాను. ఆ పిల్ల నవ్వి, "బతికిచ్చినవక్కా" అంది.

గురువారం పొద్దున సార్ వచ్చారు. చేతిలో పెళ్ళి లడ్డూల పొట్లం. అలవాటు ప్రకారం నేను చూసిన స్లైడ్లలో ఒకటి తీసి వెలుతురుకు పట్టారు. "ఇవేం స్లైడ్లు బిడ్డా, గింత గులాబి ఉన్నయేంది?" అన్నారు. క్యాను వైపు చూపించాను. ఆయన బీరువాలో ఎక్కడో గుడ్డపేలికలో కట్టి దాచిన ఒక్క బిళ్ళ తీసి నీళ్ళలో వేసి, ఆరు స్లైడ్లకూ మళ్ళీ రంగు వేశారు. అవి ఆరేదాకా ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నాలుగు స్లైడ్లు శుభ్రంగా ఉన్నాయి. ఐదోది గంగామణిది. గింజ ఒక్కటి కూడా దాటలేదు, మొదటి చోటే ఉంగరాల్లాగా పురుగులు. ఒక్కో కణంలో రెండేసి. సార్ కుర్చీ నా వైపు జరిపి, "చూడు" అన్నారు. చూశాను. ఆరోదాంట్లో ఏమీ లేదు గానీ, ఇక దాంతో పనేముంది? "సోమారం నువ్వు చూసినవి నిన్న పగిలి ఉంటయ్. ఒక్కొక్కటి ఇరువై అయి ఇరువై కొత్త కణాలల్ల జొర్రి ఉంటయ్. రేపు మల్ల పగుల్తయ్. చలో, బండెక్కు" అన్నారు.

ఆయన స్కూటరు మీద గంగామణి అత్తగారింటికి పోయాం. అత్త పోశవ్వ వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది. మా మాట పూర్తి కానివ్వకుండానే, "ఆమె ఏడున్నది? నిన్న తల్లిగారింటికి వొయ్యింది, బిచ్కుందకు. కడుపుతోని ట్రాక్టర్ మీద గంత దూరం పోకే అన్న. ఇన్నదా? వాళ్ళ అవ్వ రమ్మన్నదట, ఉరికింది" అంది. సార్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని మళ్ళీ బండి తిప్పారు. నిజాంసాగర్ మీదుగా ఆ ఎండలో, ఆ గుంతల్లో రెండు గంటల ప్రయాణం. దారిలో పెట్రోలు కోసం ఆగినప్పుడు, "సార్, నాకేమన్న అయితదా?" అని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆయన కోప్పడలేదు. "నీకేం గాదు. ఆమెకేమన్న అయితదా అని అడుగు" అన్నారు.

బిచ్కుందలో ఇల్లు అడుక్కుంటూ పోతే, మహారాష్ట్ర సరిహద్దు ఊరు గనుక పక్కింటి వాళ్ళు మరాఠీలో ఏదో చెప్పి చెయ్యి చూపించారు. గంగామణి నులక మంచం మీద ఉంది. కళ్ళు పచ్చగా, చూపు ఎక్కడో. తల్లి తడిగుడ్డ పెడుతూ, "రాత్రి నుంచి ఏదేదో మాట్లాడుతుంది సారూ, నన్ను గుర్తు వడ్తలేదు" అని ఏడ్చింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. పద్ధతి ప్రకారం ఇక్కడ నేను చెప్పాలి. "అమ్మా, నేను..." అని మొదలుపెట్టానో లేదో సార్ నా భుజం పట్టుకుని, "గిప్పుడు గాదు. ముందుగాల బండి చూడు" అన్నారు. జీపు దొరికింది. పెద్దాసుపత్రికి చేర్చేదాకా ఆ పిల్ల తల నా ఒళ్ళోనే ఉంది. నాలుగు రోజులు మృత్యువుతో పెనుగులాడి గంగామణి బతికింది. కడుపులో బిడ్డ బతకలేదు. మగపిల్లవాడు. ఆ మాట చెప్పడానికి వచ్చిన నర్సు మొహం కూడా నాకింకా గుర్తే.

తర్వాతి వారం మిగిలిన ఐదు ఇళ్ళకూ పోయాను. సార్ వాకిలి అవతల బండి మీద కూర్చునేవారు, నేను గడప ముందు నిలబడి, "నేను రంగు తప్పు కలిపిన. మల్ల చూసినం, మీకేం లేదు" అని చెప్పేదాన్ని. ఇద్దరు తిట్టారు. ఒకావిడ నీళ్ళిచ్చింది. ఆరో ఇంటికి పోలేదు. సార్ అడిగారు. "బతికిన కాడ చెప్పినవ్. పోయిన కాడ గూడ చెప్పాలె బిడ్డా" అన్నారు. వచ్చే వారం పోతానన్నాను. పచ్చి గాయం మీద పోతే బాగుండదన్నాను. నా ఒంట్లో బాగాలేదన్నాను. ఆయన ఇంకో రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. ఆయన డాక్టరు ముందు రిజిస్టరు తెరిచి, గంగామణి పేరు పక్కన ఎర్ర సిరాతో "రంగు తప్పు" అని రాసి తన సంతకం కూడా పెట్టారు, బిళ్ళలు అయిపోకుండా చూసుకోవాల్సింది తనే కనుక అని. మెమో ఇద్దరికీ వచ్చింది. నేను ఆ ఏడాదే అక్కడినుంచి బయటపడి, ఇంకా చదివి, కామారెడ్డిలో పాఠాలు చెప్పుకునే బతుకులోకి వచ్చి పడ్డాను. ఆ ప్రొటీన్ల గురించి నేను చదివినంత ఆయన చదవలేదు. ఆర్‌హెచ్-5 పట్టుకునే, కణం గోడ మీద ఉండే బేసిజిన్ అనే ప్రొటీన్ కణం తన పని కోసం పెట్టుకున్నదే గానీ పురుగు కోసం కాదని తెలిసినప్పుడు, ఆయనకు ఫోను చేసి చెప్పాలనిపించింది. చేయలేదు. చేస్తే గంగామణి గురించి అడుగుతారని భయం.

ఆయనకు షుగరు ముదిరి చూపు పోయిందని తెలిసి ఒకసారి చూడబోయాను. ఎల్లారెడ్డిలో కూతురి ఇంట్లో, కిటికీ పక్కన మంచం. గొంతు గుర్తుపట్టి, "పిల్లలకు వంద చోట్లు చూసుడు నేర్పుతున్నవా?" అని అడిగారు. నేర్పుతున్నానన్నాను. కాసేపటికి, "గంగామణి ఇంటికి?" అన్నారు. నేను ఒళ్ళోని సంచీ సర్దుకున్నాను. ఆయన మొహం గోడ వైపు తిప్పుకుని, "చాయ్ తాగి పో బిడ్డా" అన్నారు. అంత మెత్తగా అన్న ఆ మాట కొట్టినట్టు నన్ను ఏ తిట్టూ కొట్టలేదు. ఆరు నెలలకు ఆయన పోయారు. నేను జనాజాకు పోయి ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఏడ్చాను. అందరూ ఎంత అభిమానమో అనుకున్నారు.

పోయినేడు, ఆయన పోయిన రెండేళ్ళకు, ఒక ఆదివారం గంగామణి అత్తగారింటికి పోయాను. ఎందుకా రోజే పోయానో నాకు తెలియదు, మోయడం చేతకాక పోయాననుకుంటాను. గంగామణి నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పి, అరుగు మీద కూర్చుని, ఒక్క గుక్కలో చెప్పేశాను. సోమవారం నేను రంగు తప్పు కలిపాను, నీ రక్తంలో పురుగుంది, నాకు కనిపించలేదు, ఆ మూడు రోజుల ఆలస్యానికే నీ బిడ్డ పోయాడు. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో, కొట్టినా సరే అనుకున్నాను. ఆమె లేచి, నా రెక్క పట్టుకుని, "గీ మాట మా అత్త ముంగట చెప్పు" అంది.

పోశవ్వ పెరట్లో మంచం మీద ఉంది. ముసలిదైపోయింది, చెవులు వినపడవు. ఒకసారి చెప్పాను, వినపడలేదు. "గట్టిగ చెప్పు" అంది గంగామణి. గొంతెత్తి చెప్పాను. పక్కింటి ఆడవాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. పోశవ్వ చెయ్యి చెవికి ఆనించుకుని, "ఏంది? ట్రాక్టర్ కుదుపులకు గాదా?" అంది. అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో అదే మాట. వద్దన్నా వినకుండా తల్లిగారింటికి పోయింది, ట్రాక్టరెక్కింది, పిల్లగాణ్ణి తనే పోగొట్టుకుంది. ఆ తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లల పురుళ్ళకూ ఆమెను బిచ్కుందకు పంపలేదట. పండక్కి పంపితే ఒక్క పూట. నేను సిగ్గుపడి ఇంట్లో దాక్కున్నన్ని రోజులూ ఆ తప్పు ఆమె నెత్తి మీద ఉంది. మూడోసారి వాడంతా వినేటట్టు అరిచాను. "ట్రాక్టర్ గాదవ్వా. నేను. నేను తప్పు చూసిన." పోశవ్వ నోరు తెరిచి కోడలి వైపు చూసింది. గంగామణి కొంగుతో మొహం తుడుచుకుని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది.

నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చింది. బస్సు కోసం ఇద్దరం నిలబడ్డాం. "క్షమించు" అని అందామని రెండుసార్లు నోరు తెరిచాను, ఆ మాట ఎంత చిన్నదో తెలిసి మూసుకున్నాను. బస్సు మూల తిరుగుతుండగా ఆమే మాట్లాడింది. "మా అవ్వ గూడ గట్లనే అనుకున్నదక్కా. నేనే రమ్మన్న, నేనే పిల్లగాణ్ణి సంపుకున్న అని ఏడ్సి ఏడ్సి పోయిన వానకాలం సచ్చిపోయింది. గామెకు ఇగ ఎవలు చెప్తరు?"

బస్సెక్కాను.